పావుగంటలో ఊరంతా

నవంబరు నెల, ఉదయం ఎనిమిదిన్నర. వానో మంచో తేల్చుకోలేని తుంపర మొహాన కొడుతోంది. కూడలి దగ్గర ఎర్రలైటు పడితే ఒక కాలు నేలకి ఆనించి నిలబడ్డారు మీరు. ముందు పాతిక సైకిళ్లు, వెనక ఇంకెన్నో. ఎడమ పక్కన, వీపుకి పెద్ద వాయిద్యం పెట్టె తగిలించుకున్న అమ్మాయి. కుడి పక్కన, ముందువైపు చెక్కతొట్టి బిగించిన సైకిల్ మీద ఒక తల్లి. తొట్టిలో ఇద్దరు పిల్లలు ప్లాస్టిక్ గూడు కింద వెచ్చగా కూచుని అరటిపండు పంచుకుంటున్నారు. వెనక కోటూ టైతో ఒక పెద్దాయన. ఎవరి తలకీ హెల్మెట్ లేదు, ఎవరి మొహంలోనూ విసుగు లేదు.

పచ్చలైటు పడింది. మీ వైపుకే అనుకుని కదిలారు. చూస్తే ఎదుటివాళ్లూ కదిలారు, ఎడమవాళ్లూ కుడివాళ్లూ కదిలారు. నాలుగు దిక్కుల సైకిళ్లకీ ఒకేసారి దారి వదిలే సిగ్నల్ ఇది. కార్లు మాత్రం అన్ని వైపులా ఆగే ఉన్నాయి. కూడలి నడుమ జనం ఒకరినొకరు తప్పించుకుంటూ, ఐమూలగా కోసుకుపోతూ, ఎవరి దారిన వాళ్లు అవతలికి చేరిపోతున్నారు. ఒక్క బెల్లు మోగలేదు, ఒక్క గొంతు లేవలేదు. కొత్తలో ఇక్కడ గుండె ఝల్లుమంటుంది. కిటుకు త్వరలోనే పట్టుబడుతుంది: వేగం మార్చకూడదు, హఠాత్తుగా పక్కకి తిప్పకూడదు, ఎదురొచ్చే మనిషి కళ్లలోకి ఒక్క క్షణం చూడాలి. చూశారంటే ఇద్దరికీ దారి తెలిసిపోతుంది. వాన పడే రోజున సైకిళ్ల వంతు తొందరగా వచ్చేలా సెన్సర్లు పెట్టిన సిగ్నళ్లు కూడా ఈ ఊళ్లో ఉన్నాయి. తడిసేది కారులో ఉన్నవాళ్లు కారు కదా.

మీరిప్పుడు గ్రోనింగెన్‌లో ఉన్నారు. నెదర్లాండ్స్ ఉత్తరాన ఆఖరి పెద్ద ఊరు, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి రైల్లో రెండు గంటల పైచిలుకు. జనం రెండున్నర లక్షల లోపే. వాళ్లలో నలుగురికి ఒకరు విద్యార్థి. విశ్వవిద్యాలయం 1614లో పుట్టింది. సొంత కాలేజీలో పేరు ఉంచుకునే ఇక్కడికి వచ్చి, సెమిస్టరో ఏడాదో చదివి, ఆ మార్కులు పట్టుకుని వెనక్కి వెళ్లే ఎక్స్ఛేంజ్ విద్యార్థుల్లో మీరొకరు. ఇంటి దగ్గర చుట్టాలు ఫోన్లో అడుగుతూనే ఉంటారు: "ఆమ్‌స్టర్‌డామ్ లాంటి ఊరుండగా ఆ మూలకెందుకురా వెళ్లావు?" అని. చెప్పడం కష్టం. తొక్కి చూస్తే తెలుస్తుంది.

సైకిల్ పాతది. ఊళ్లో దిగిన వారంలోనే సెకండ్ హ్యాండ్‌లో కొన్న నల్లటి గజెల్ కంపెనీ బండి. వెడల్పాటి హ్యాండిల్, నిటారుగా కూచోనిచ్చే సీటు, వెనక చక్రాన్ని పట్టి ఉంచే గుండ్రటి తాళం, అది చాలక లావుపాటి గొలుసు. ఆ గొలుసుని ఏ కమ్మీకో చుట్టి తాళం వెయ్యకపోతే మర్నాటికి బండి ఉంటుందని నమ్మకం లేదు. సైకిల్ దొంగతనం ఈ దేశానికి పట్టిన చీడ. హ్యాండిల్‌కి బ్రేకు లేదు, పెడలు వెనక్కి తొక్కితే ఆగుతుంది. చీకట్లో ముందు తెల్లలైటూ వెనక ఎర్రలైటూ వెలగకపోతే పోలీసులు జరిమానా రాస్తారు. తొక్కుతూ ఫోను చేత్తో పట్టుకున్నా అంతే, 2019 నుంచి అదీ చట్టమే. మలుపు తిరిగేముందు ఆ వైపు చెయ్యి చాపాలి. ఈ నాలుగు సంగతులు ఒంటబట్టాక ఊరు మీ చేతికి వచ్చేస్తుంది. క్లాసుకి పావుగంట, సంతకి పావుగంట, స్నేహితురాలి గదికి పావుగంట, రైల్వే స్టేషనుకి పావుగంట. ఎదురుగాలి ఉంటే ఇంకో ఐదు నిమిషాలు. సముద్రం ఉత్తరాన దగ్గరే, అడ్డుకునే కొండ ఒక్కటీ లేదు. అందుకే గాలి తీరిగ్గా వీస్తుంది. కాళ్లలో బలం ఆ గాలి వల్లే వస్తుంది.

ఇంకా తొక్కండి. ఊరికి వాయవ్యాన జెర్నికె క్యాంపస్. ఈ విశ్వవిద్యాలయంలోనే పనిచేసి, రంగు వెయ్యకుండా బతికున్న కణాలను చూపించే సూక్ష్మదర్శినిని కనిపెట్టి 1953లో నోబెల్ అందుకున్న ఫ్రిట్స్ జెర్నికె పేరు అది. అణువులతో యంత్రాలు చేసినందుకు 2016లో రసాయనశాస్త్రంలో నోబెల్ పంచుకున్న బెన్ ఫెరింగా కూడా ఇక్కడి మనిషే. వేల సైకిళ్ల మధ్య మీది ఒకటి నిలిపి, ఏ వరసలో పెట్టారో గుర్తు పెట్టుకుని లోపలికి నడవండి.

క్లాసులో పాతికమంది. పాఠం చెప్పే మనిషి స్వెటర్లో వచ్చి బల్ల అంచున కూచున్నారు. ఆమెని పేరు పెట్టి పిలవాలట. మీ నోటికి మేడమ్ అన్న మాట తప్ప ఇంకోటి రావడం లేదు. పది నిమిషాలు కాకముందే ముందు వరసలో కుర్రాడు చెయ్యెత్తి, "ఈ వాదన నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు" అన్నాడు. మీరు ఊపిరి బిగబట్టారు. ఆమె మాత్రం సంతోషంగా బోర్డు వైపు తిరిగి అతని అభ్యంతరాన్ని రాసింది. దాని మీద ఇరవై నిమిషాలు చర్చ. చివరికి మీ వైపు చూసి, "నువ్వేమంటావు?" అంది. మీరేదో అన్నారు. అందులో తప్పుందని ఒకమ్మాయి మొహమాటం లేకుండా చెప్పింది. క్లాసయ్యాక ఆ అమ్మాయే వచ్చి కాఫీకి పిలిచింది. మాటకి మాట అడ్డం చెప్పడం వేరు, మనిషితో ఉండడం వేరు. వీళ్లకది చిన్నప్పటి నుంచి అలవాటు. మీకు డిసెంబరుకల్లా వస్తుంది.

మార్కులు పదికి. ఆరొస్తే గట్టెక్కినట్టు, ఎనిమిదొస్తే స్నేహితులంతా భుజం తడతారు, పది ఎవరికీ రానట్టే లెక్క. ర్యాంకులు లేవు. క్లాసులో మొదటివాడెవరో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలన్న ఆరాటం కూడా లేదు. ఆరో తరగతి నుంచి గోడల మీద ర్యాంకుల ఫ్లెక్సీలు చూస్తూ పెరిగిన పిల్లలకి ఇది ఎంత ఊరటో నేను నొక్కి చెప్పాలి. ఒక పుస్తకాన్ని పరీక్షలో రాదని తెలిసీ చదివిన మొదటి అనుభవం చాలామందికి ఇక్కడే కలుగుతుంది.

మధ్యాహ్నం ఊరి నడిబొడ్డుకి రండి. బ్రూర్‌స్ట్రాట్ అనే వీధిలో ఒక పక్క విశ్వవిద్యాలయపు పాత భవనం, ఎదురుగా పెద్ద గ్రంథాలయం. 1871లో అలెట్టా యాకొబ్స్ అనే పదిహేడేళ్ల అమ్మాయి తనని చదువుకోనివ్వమని దేశపు మంత్రి టోర్‌బెకెకి ఉత్తరం రాసి అనుమతి తెచ్చుకుని అడుగుపెట్టింది ఈ విశ్వవిద్యాలయంలోనే. ఈ దేశంలో విశ్వవిద్యాలయం అధికారికంగా చేర్చుకున్న మొదటి ఆడపిల్ల, తర్వాత మొదటి మహిళా డాక్టరు. ఇప్పుడు ఆ పాత భవనం మెట్ల మీద కూచుని సాండ్‌విచ్ తింటున్న వాళ్లలో అమ్మాయిలే ఎక్కువ కనిపిస్తున్నారు. మధ్యాహ్నం పూట వేడి తిండి ఇక్కడ ఎవరూ తినరు. రొట్టె, చీజు, గ్లాసుడు మజ్జిగ. అవును, మజ్జిగే. దుకాణంలో లీటరు డబ్బాల్లో అమ్ముతారు, చక్కగా పుల్లగా ఉంటుంది.

రెండు సందులు దాటితే గ్రోటె మార్క్ట్ అనే విశాలమైన చౌక్. తల ఎత్తండి. 97 మీటర్ల మార్టిని గోపురం, పదిహేనో శతాబ్దంలో కట్టింది, బూడిదరంగు రాయి. గంటలు మోగుతున్నాయి. ఇంత చౌక్‌లో మీకు కార్ల రొద వినిపించడం లేదని ఇప్పుడు గమనించారా? ఒకప్పుడు వినిపించేది. ఈ చౌక్ మీదుగానే ట్రాఫిక్ పారేది. పక్కనున్న విస్‌మార్క్ట్‌లో కార్లు నిలిపేవారు. 1970లలో నగరపాలనలో ట్రాఫిక్ బాధ్యత చేపట్టిన మాక్స్ వాన్ డెన్ బెర్గ్ అనే కుర్ర నాయకుడు, లేబర్ పార్టీ మనిషి, ముప్పై దాటీ దాటని వయసు, ఒక పథకం తెచ్చాడు. ఊరి నడిమధ్య భాగాన్ని నాలుగు ముక్కలు చేశారు. కారులో ఒక ముక్క నుంచి పక్క ముక్కకి నేరుగా పోవడానికి వీల్లేదు. బయటికి వచ్చి, చుట్టు రోడ్డు మీద తిరిగి, మళ్లీ లోపలికి రావాలి. సైకిల్‌కీ కాలినడకకీ ఏ అడ్డూ లేదు. వ్యాపారులు బేరాలు పడిపోతాయని గొడవ చేశారు. 1977 సెప్టెంబరులో ఒక రాత్రిలో బోర్డులు మార్చి, అడ్డాలు పెట్టి, తెల్లారేసరికి అమలు చేసేశారు.

అంతకన్నా పెద్ద యంత్రాంగమేమీ లేదు అందులో. వంతెనలు కట్టలేదు, సొరంగాలు తవ్వలేదు. కారుకి చుట్టుదారి, సైకిల్‌కి అడ్డదారి. జనం ఏది త్వరగా చేరుస్తుందో దాన్నే ఎంచుకున్నారు. ఇవాళ ఊళ్లో జరిగే ప్రయాణాల్లో సగానికి పైగా సైకిల్ మీదే. పొద్దున కూడలిలో మీకు కలిగిన సంతోషం వెనక ఆ పట్టుదల ఉంది. జేబులో పెద్దగా డబ్బుల్లేని ఇరవయ్యేళ్ల పరాయిదేశపు పిల్ల, కారున్న పెద్దమనిషి కంటే ముందు ఇల్లు చేరే ఊరు ఇది. ఈ ఊరి మీద నా ప్రేమకి అసలు కారణం అదే.

శనివారం సంత విస్‌మార్క్ట్‌లోనే, కార్లు నిలిపిన ఆ చోటే. మంగళ, శుక్రవారాల్లోనూ ఉంటుంది గానీ శనివారం సందడి వేరు. చివర్న 1865 నాటి ధాన్యపు ఎక్స్ఛేంజి భవనం, పెద్ద స్తంభాల ముఖద్వారం, లోపల ఇప్పుడు సూపర్‌మార్కెట్. నడవండి. చీజు బండి దగ్గర ఆగితే లేతదీ ముదురుదీ కోసి కాస్త చేతిలో పెడతారు. ముదురుది కొరికితే ఉప్పు పలుకులు పంటికి తగులుతాయి. పక్క బండి మీద రెండు ఇనప పలకల మధ్య వేసిన వాఫెల్‌ని రెండుగా చీల్చి పాకం పూసి ఇస్తున్నారు. చెయ్యి కాలుతుంది, ఆగకండి, వేడిమీదే తినాలి. చేపల బండి ముందు వరస కట్టారు. పిండిలో ముంచి వేయించిన చేపముక్కలు కాగితపు పొట్లంలో, పైన వెల్లుల్లి సాసు. ధైర్యముంటే ఉప్పు పట్టించిన పచ్చి హెరింగ్ ఉంది, సన్నగా తరిగిన ఉల్లిపాయలతో. గోదావరి జిల్లా వాళ్లు రెండోసారి కూడా అడుగుతారని నా అంచనా.

సాయంత్రం నాలుగు దాటాక సంత గొంతు మారుతుంది. కూరగాయల వాళ్లు మిగిలిన సరుకు వదిలించుకోవాలి. గిన్నెల్లో పోసి ధర అరుస్తుంటారు. విద్యార్థులంతా ఆ వేళకే వస్తారు. మీ సంచి నిండా కాప్సికమూ టొమాటోలూ నాలుగైదు యూరోలకే నిండింది. సంత దాటి సందులో ఉన్న ఆసియా సరుకుల కొట్లోకి వెళ్లండి. కాకరకాయలు. మూరెడు పొడవు అలసందకాయలు. గాజు అరలో మినప్పప్పు రుబ్బి వేయించిన వడలు, మధ్య చిల్లితో సహా. పేరు బారా. గల్లా దగ్గరున్న పెద్దావిడ చూపుకి మన పక్కింటి ఆవిడే అనిపిస్తుంది, మాట మాత్రం డచ్చి. ఆవిడ ముత్తాతల్ని 1873 తర్వాత కలకత్తా రేవులో ఓడెక్కించి దక్షిణ అమెరికాలోని సూరినాంకి చెరకు తోటల పనికి తీసుకుపోయారు. 1975లో సూరినాం స్వతంత్రమయ్యే రోజుల్లో ఆ కుటుంబాలు వేలల్లో నెదర్లాండ్స్‌కి వచ్చాయి. మీరు ఇండియా నుంచి అని చెప్పగానే ఆవిడ ఇంకో వడ కాగితంలో చుట్టి ఇచ్చింది, డబ్బులు పుచ్చుకోలేదు. సైకిల్ మీద ఒంటిచేత్తో తింటూ ఇంటికి వెళ్లండి.

ఇల్లంటే ఆరుగురి ఇల్లు. సన్నటి నిట్రమైన మెట్లు, పైన గదులు, కింద ఒకే వంటిల్లు. ఫ్రిజ్‌లో తలా ఒక అర. మరుగుదొడ్డి తలుపుకి పుట్టినరోజుల క్యాలెండర్ వేలాడుతుంది, ఈ దేశంలో ఏ ఇంట్లో చూసినా అక్కడే ఉంటుంది. ఇవాళ ఫ్రీస్‌లాండ్ నుంచి వచ్చిన అమ్మాయి పుట్టినరోజు. వాళ్ల అమ్మానాన్నా రైల్లో వచ్చారు. కుర్చీలన్నీ గుండ్రంగా వేశారు. ఇప్పుడు మీరు చెయ్యాల్సింది ఏమిటంటే, పుట్టినరోజు పిల్లకి శుభాకాంక్షలు చెప్పాక, వాళ్ల అమ్మకీ చెప్పాలి, నాన్నకీ చెప్పాలి, ఆ వరసలో కూచున్న అందరికీ చెయ్యి కలిపి చెప్పాలి. కన్నవాళ్లకి కూడా అది పండగే అని గుర్తుపెట్టుకునే ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. కేకు ముక్క ఒక్కొక్కరికి ఒకటి. రెండోది కొసరి కొసరి పెట్టే అలవాటు వీళ్లకి లేదు, ఆకలితో వెళ్లకండి.

రాత్రి వంట మీ వంతు. పప్పు, అలసందకాయల వేపుడు, ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయ. ఆ ఫ్రీస్‌లాండ్ అమ్మాయి రొట్టె మీద ముదురు చీజు పెట్టి, దాని మీద ఆవకాయ ఊట రాసి తిని, కళ్లనీళ్లు తుడుచుకుని, మళ్లీ రాసుకుంది. మర్నాడు ఆమె వంతు వచ్చినప్పుడు ఈ జిల్లా ప్రత్యేకమైన ఆవాల సూపు కాచింది, చిక్కగా, ముక్కుకి ఘాటు తగిలేలా. ఇంట్లోనే ఉండే స్పెయిన్ కుర్రాడు మొహం చిట్లించాడు. ఆవ పెట్టిన కూరలు తిని పెరిగిన మీరు గిన్నె ఖాళీ చేశారు.

అక్టోబరు నుంచీ ఊరి గాలిలో ఒక వాసన ఉంది, చెప్పడం మరిచాను. పడమటి గాలి వీచిన రోజు మట్టీ తీపీ కలిసిన వాసన కిటికీలోంచి లోపలికి వస్తుంది. ఊరి అంచున హోగ్‌కెర్క్ దగ్గర చక్కెర మిల్లు ఉంది. శరదృతువు నుంచి జనవరి దాకా బీట్‌దుంపల సీజను, రాత్రింబవళ్లు పొగగొట్టం నుంచి తెల్లటి ఆవిరి. క్రషింగ్ రోజుల్లో ఉయ్యూరు మీదుగా బస్సులో పోయినవాళ్లకి ఆ వాసన ఎదురైతే ఇంటి దగ్గర దిగినట్టే ఉంటుంది. ఊరివాళ్లలో కొందరు ముక్కు మూసుకుంటారు. నాకది ఈ ఊరి శీతాకాలపు ఆనవాలు.

శీతాకాలం గురించి తీపి మాటలు చెప్పను. డిసెంబరులో పొద్దు ఎనిమిదీ ముప్పావుకి పొడుస్తుంది, నాలుగుంబావు దాటగానే కుంకుతుంది. మధ్యలో సూర్యుడు కనిపిస్తాడని హామీ లేదు. వారాల తరబడి బూడిదరంగు ఆకాశం, అడ్డంగా కొట్టే వాన. తెలుగు నేల మీద పెరిగిన శరీరానికి ఇది పెద్ద పరీక్షే, మనసు కుంగుతుంది. మీకంటే ఏడాది ముందు వచ్చిన వరంగల్ అక్క ఒక మాట చెప్పింది: "గదిలో కూచోకు తమ్ముడూ, చీకటి పడ్డాకే ఊళ్లోకి పో." ఆ మాట విని బయల్దేరండి. ఫోరమ్‌కి వెళ్లండి. 2019లో తెరిచిన పది అంతస్తుల భవనం. గ్రంథాలయం, సినిమా హాళ్లు, మెత్తటి సోఫాలు అన్నీ దాని కడుపులోనే. ఎవరూ ఏమీ కొనమనరు. ఎస్కలేటర్లు ఎక్కుతూ పోతే చివర్న డాబా, టిక్కెట్టు లేదు. పైనుంచి చూడండి: గోపురం ఎదురుగా, ఊరి చుట్టూ ఉంగరంగా తిరిగిన కాలువ, దాని అవతల దీపాలు పలచబడి, ఆ పైన అంతా చదునైన చీకటి. మీ ఇల్లు, మీ క్లాసు, మీ స్నేహితులంతా ఈ ఒక్క చూపులో ఉన్నారు.

డిసెంబరు 5న సింటర్‌క్లాస్ పండగ. దాల్చినచెక్క వేసిన చిట్టి బిస్కెట్లు, మీ పేరు మొదటి అక్షరం ఆకారంలో చాక్లెట్టు. ఇంట్లో చీట్లు తీసి ఎవరికి ఎవరు కానుక ఇవ్వాలో తేల్చుకున్నారు, కానుకతోపాటు ఆ మనిషిని ఆటపట్టించే పద్యం రాయాలి. మీకోసం ఎవరో మీ మఫ్లర్ల మీద పద్యం రాశారు. జనవరిలో యూరప్ నలుమూలల నుంచి కొత్త బ్యాండ్లు వచ్చి ఊరంతా వాయిస్తాయి. అవి రాని రోజుల్లోనూ వేరా అనే చిన్న క్లబ్బు ఉంటుంది. పేరు ప్రపంచానికి తెలియకముందే, 1989లో, నిర్వాణా ఇక్కడ వాయించి వెళ్లింది. రాత్రి బార్లు మూసే వేళంటూ ఈ ఊళ్లో లేదు. పేపెర్‌స్ట్రాట్ అనే సన్నటి వీధిలో తెల్లవారుజామున మూడింటికి కూడా భుజాలు రాసుకుంటూ నడవాలి. అదే వీధిలో ఒక పాత గేటు ఉంది, పగటిపూట తోసుకుని లోపలికి వెళ్లి చూడండి. 1405లో యాత్రికుల కోసం కట్టిన సత్రం, రాళ్లు పరిచిన ముంగిలి, మధ్యలో చేతిపంపు, చుట్టూ చిన్న చిన్న ఇళ్లు. ఇప్పటికీ మనుషులు కాపురముంటున్నారు. మెల్లగా నడవండి, మాట్లాడకండి.

మే 4. సాయంత్రం ఎనిమిది కావస్తోంది. వీధుల్లో అందరూ ఒకే వైపు నడుస్తున్నారు, మీరూ సైకిల్ దిగి వాళ్ల వెంట నడిచారు. ఎనిమిది కొట్టగానే దేశం మొత్తం రెండు నిమిషాలు ఆగిపోయింది. బస్సులు ఆగాయి. సైకిళ్లు ఆగాయి. రెండో ప్రపంచ యుద్ధంలోనూ ఆ తర్వాతా పోయినవాళ్ల కోసం. 1945 ఏప్రిల్‌లో కెనడా సైనికులు ఇంటింటికీ పోరాడుతూ ఈ ఊరిని నాజీల నుంచి విడిపించారు. ఆ నాలుగు రోజుల్లో గ్రోటె మార్క్ట్ ఉత్తరపు వరస, తూర్పు వరస కూలిపోయాయి, గోపురం నిలిచింది. మీరు రోజూ కాఫీ తాగే ఫోల్కింగెస్ట్రాట్ వీధి యుద్ధానికి ముందు యూదుల వీధి. ప్రార్థనామందిరం ఉంది, ఆ కుటుంబాలు లేవు. నాజీలు తీసుకెళ్లిన వాళ్లలో చాలా కొద్దిమందే తిరిగొచ్చారు. మర్నాడు, మే 5న, విముక్తి దినం. అదే జనం పార్కులో పాటలు పెట్టుకుని ఎగురుతున్నారు. రెండూ పక్కపక్క రోజుల్లో పెట్టుకున్న ఈ దేశం తీరు పిల్లలకి చరిత్ర నేర్పడానికి ఏ పాఠ్యపుస్తకం కన్నా మేలని నా అభిప్రాయం.

ఇక జూను. నోర్డర్‌ప్లాంట్‌సూన్ నిండా మనుషులే. పాత కోటగోడల మీద పెంచిన పార్కు ఇది, చెరువులు, మెలికల దారులు. దీని మధ్యనుంచి కార్లు పోనివ్వాలా వద్దా అని 1994లో ఊరివాళ్లు ఓటేసి వద్దని తేల్చారు. గడ్డి మీద దుప్పట్లు పరిచి సాయంత్రం నుంచి రాత్రి దాకా వండుకుంటూ, చదువుకుంటూ, బాతులకి అడ్డం తొలగుతూ గడుపుతారు. మీ పరీక్షలు అయిపోయాయి. "గార్న్‌వెర్ద్ పోదామా?" అంది ఫ్రీస్‌లాండ్ అమ్మాయి. సాయంత్రం ఆరు. ఎండ మన నాలుగింటి ఎండంత ఉంది. పదండి.

పార్కు దాటి, ఆఖరి ఇళ్లు దాటి, రైట్‌డీప్ నది పక్కన గట్టు మీదికి. ఇక్కడి నుంచి ఆకాశమే ఎక్కువ. ఎడమన నది, ఒకప్పుడు సముద్రపు పోటు దీంట్లోంచి ఊరిదాకా వచ్చేది. కుడివైపు పచ్చిక, నలుపూ తెలుపూ ఆవులు, కంచెకి బదులు నీటి కాలువలు. దూరంగా ఒక దిబ్బ మీద చిన్న ఎర్రటి చర్చి ఒంటరిగా ఉంది. గట్లు లేని కాలంలో సముద్రం పొంగితే మునక్కుండా జనం తరతరాలుగా మట్టీ పెంటా పోసి ఎత్తు చేసుకున్న దిబ్బలవి, క్రీస్తుకి ముందు నుంచీ ఉన్నాయి. కృష్ణా గోదావరి డెల్టాల్లో ఉప్పెన చూసిన కుటుంబాల పిల్లలు ఆ దిబ్బ ముందు తప్పక ఆగుతారు. గాలి వెనక నుంచి తోస్తోంది. తొక్కే పనే లేదు. గొర్రెలు దారికి అడ్డంగా పడుకున్నాయి, దిగి వాటి మధ్యగా నడిపించుకుంటూ వెళ్లారు. ఎదురొచ్చిన ముసలాయన "మొయ్" అని పలకరించాడు. పల్లెలో అందరూ అలాగే పలకరిస్తారు. మీరూ "మొయ్" అన్నారు.

గార్న్‌వెర్ద్‌లో ఒక గాలిమర, ఒక చర్చి, చేతికి అందేంత ఇరుకు సందు, నది ఒడ్డున బల్లలు. కుర్రాళ్లు చెక్కవేదిక మీదినుంచి నీళ్లలోకి దూకుతున్నారు. నీళ్లు చల్లగా, లోతుగా ఉన్నాయి, ఈత బాగా వస్తేనే దూకండి. వేడి వేడి బంగాళాదుంప వేపుళ్లు వచ్చాయి, మయోనైజ్‌తో. తొమ్మిదైనా వెలుగు తగ్గలేదు. పదింటికి సూర్యుడు గడ్డి అంచుకి దిగాడు, పదీ పది నిమిషాలకి మునిగాడు, ఆ తర్వాత కూడా ఆకాశం ఉత్తరాన చాలాసేపు తెల్లగానే ఉండిపోయింది. తిరుగు దారంతా ఎదురుగాలి. అరవకుండా మాటలు వినపడటం లేదు, అయినా ఎవరూ మాట్లాడటం ఆపలేదు.

ఇంకో ఆదివారం మిగిల్చుకుని స్కీర్‌మోనిక్‌ఓగ్ ద్వీపానికి కూడా వెళ్లిరండి. లావర్సోగ్ రేవు నుంచి పడవలో ముప్పావుగంట. వెయ్యిమంది లోపు జనం ఉండే దీవి. బయటివాళ్ల కార్లని రానివ్వరు. యునెస్కో 2009లో గుర్తించిన వాడెన్ సముద్రంలో ఉంది. పోటు తగ్గినప్పుడు సముద్రం అడుగు బురదగా బయటపడి, లక్షల పక్షులు దాని మీద మేస్తాయి.

ఇది చదివి వెళ్లాలనిపించిన పిల్లలకీ, పంపాలనుకునే తల్లిదండ్రులకీ నాలుగు మాటలు. మీ కాలేజీకి గ్రోనింగెన్‌తో ఒప్పందం ఉందో లేదో విదేశీ సంబంధాల విభాగంలో అడగండి. ఉంటే అక్కడ ఫీజు కట్టక్కర్లేదు, మీ కాలేజీకి కడితే చాలు. నివాస అనుమతి దరఖాస్తు ఆ విశ్వవిద్యాలయమే పెడుతుంది. గది మాత్రం మీరే చూసుకోవాలి, అసలు ఇబ్బంది అక్కడే ఉంది. ప్రతి సెప్టెంబరులోనూ గదులకి కరువు. అంగీకార పత్రం రాగానే, ఆ రోజే, వెతకడం మొదలుపెట్టండి. మనిషిని గానీ గదిని గానీ వీడియోలో చూడకుండా ఎవరికీ అడ్వాన్సు పంపకండి. గది ఖాయం కాకుండా విమానం టిక్కెట్టు కొనకండి. గొడుగు తీసుకెళ్లకండి, ఆ గాలికి నిలవదు. మంచి వాన కోటు, వాన ప్యాంటు కొనుక్కోండి. రెండు సెమిస్టర్లకి వీలుంటే రెండూ అడగండి. ఆగస్టు చివర్లో వచ్చి జనవరిలో వెళ్లిపోయేవాళ్లు ఆ ఊరి చీకటి సగాన్నే చూసి వస్తారు.